బస్తా పస్తు

ప్రియమైన తమ్ముడికి,

క్షేమంగా చేరాను. నెల రోజులు ఈ కుర్ర డాక్టర్లకు పాఠాలు చెప్పాలి. ఆవుకి ముందేదో వెనకేదో తెలియని మేధావులు.

మన పిల్లి బస్తాకి సంచిలో ఉన్న కొత్త పిల్లిమేత గింజలే పెట్టు. దానికి ఒళ్లు తగ్గాలి. అది అరిస్తే కరిగిపోయి ఎప్పటిలా చేపముక్కలు పెట్టావో, చూడు. ఆకలి రుచెరుగదు, కడుపు కాలితే అదే తింటుంది. నీకు గుండె మెత్తన, బుర్ర ఇంకా మెత్తన. అందుకే ఇంత విడమరిచి రాస్తున్నాను.

నీ అక్క

ప్రియమైన అక్కకు,

ఐదు రోజులైంది, బస్తా ఒక్క గింజ ముట్టలేదు. గిన్నె వాసన చూసి, కుట్టుమిషన్ కింద గుడ్డపీలికల్లో పడుకుంటోంది. నిన్నటి నుంచి అరవడం కూడా మానేసింది. నాకు భయంగా ఉంది. ఒక్క చేపముక్క పెట్టనా?

తమ్ముడు

ప్రియమైన తమ్ముడికి,

పిల్లి నాటకమాడుతోంది, నువ్వు టికెట్టు కొనుక్కుని మరీ చూస్తున్నావు. ముప్పై ఏళ్లుగా ఆవులకూ గుర్రాలకూ వైద్యం చేస్తున్నాను. అంత కొవ్వున్న జంతువు వారం తినకపోతే కొవ్వు కరుగుతుంది. మనకు కావలసిందీ అదే. నువ్వు జాకెట్ల కొలతలు చూసుకో, వైద్యం నాకొదిలెయ్. చేప పెట్టావని తెలిస్తే నీతో మాట్లాడను.

అక్క

ప్రియమైన అక్కకు,

ఇన్నాళ్లూ రాయడానికి చెయ్యి ఖాళీ లేదు. నీ ఉత్తరం అందేసరికి బస్తా చెవుల లోపల పసుపు రాసినట్టయింది. చేప పెట్టాను, నాతో మాట్లాడకు. అదీ తినలేదు. బుట్టలో పెట్టుకుని మార్కెట్ వెనక పిల్లుల డాక్టరు దగ్గరికి పరిగెత్తాను.

నువ్వన్నట్టే కొవ్వు కరిగిందట. కాకపోతే అదంతా వెళ్లి కాలేయంలో కూర్చుందట. లావు పిల్లి కొన్నాళ్లు పస్తుంటే చాలు, కాలేయం ఆ కొవ్వు మోయలేక మూలపడుతుందట. నువ్వు పిల్లిని కూడా ఆవు లెక్కన చూశావు.

మెడ పక్కనుంచి కడుపులోకి గొట్టం వేశారు. పదహారు రోజులుగా, నాలుగు గంటలకోసారి, మెత్తగా రుబ్బిన తిండి అందులోంచి ఎక్కిస్తున్నాను. ఇవాళ పొద్దున నా వేలిమీది చేప తనే నాకింది. ఇక గండం గడిచినట్టేనన్నాడు డాక్టరు.

గింజల సంచి నీ బల్లమీద పెట్టాను. వచ్చాక ఆకలేస్తే తిను.

డాక్టరు నీ శిష్యుడే. గోడకి నీతో దిగిన ఫొటో ఉంది. “ఆకలేస్తే అదే తింటుందని చెప్పిన మహానుభావులెవరండీ?” అని అడిగాడు. ఎవరూ చెప్పలేదు, నా తెలివేనన్నాను. మెడలో టేపుతో నిలబడ్డ దర్జీని కదా, వెంటనే నమ్మేశాడు.

నీ మెత్తబుర్ర తమ్ముడు