అబద్ధాన్ని మింగిన సూత్రం

శంషాబాద్, 1999, మంగళవారం

ఈ రోజు బతికున్న మనిషిని చంపాను, అదీ కంప్యూటర్‌తో. వెబ్ పేజీలో < > అనే కోణపు గుర్తులనీ, వాటి లోపలి రాతనీ తీసేసి వార్త మాత్రమే మిగిల్చే సూత్రం రాశానని నెట్ సెంటర్‌లో తెగ గొప్పలు పోయాను. లారీ ప్రమాదం సంగతి విని, లారీ డ్రైవరైన తన కొడుకు యూసుఫ్ కోసం మా వీధి ఇస్మాయిల్ చాచా పరుగెత్తుకొచ్చాడు. ఆ వార్త పేజీ మీద నా సూత్రం నడిపి, మిగిలింది చదివాను: "డ్రైవర్ యూసుఫ్ మృతి."

చాచా కూలబడ్డాడు.

కంగారుగా అసలు పేజీ తెరిచాను. "డ్రైవర్ యూసుఫ్ మృతి అబద్ధం" అని ఉంది. చివరి మాటను లావుగా చూపడానికి దానికి ముందొక గుర్తు, వెనకొక గుర్తు. నా సూత్రం ఆబగా మధ్యలోని మాటతో సహా మింగేసింది. సూత్రంలో ఒక్క ప్రశ్నార్థకం (?) చేరిస్తే మొదటి గుర్తు ముగిసిన చోటే ఆగేది.

"చాచా, నన్ను తన్నండి."

"తన్నుడు రేపు. జర మల్ల సదువు, బేటా."

చదివాను. మళ్లీ అడిగాడు. ఈసారి తెర మీద 'అబద్ధం' అన్న మాట మీద చాచా వేలు పెట్టించి చదివాను.