పాల బుర్రలో వచ్చిన మట్టి

ఎల్డొరెట్, సోమవారం

జెలగట్ అక్కకు,

నేను కులాసా. ఆవును బుధవారం సంతకు తోలకు.

నువ్వు పంపిన మేత నేల మట్టిని ఇక్కడి పరీక్షశాలలో పనిచేసే నెకెసా మందు నీళ్లలో నానబెట్టి, వడకట్టి, యంత్రానికి ఎక్కించింది. పక్కవాళ్లు చల్లిన కోళ్ల పెంట వల్ల చేరి ఆవును చూడి కట్టనివ్వడం లేదని నువ్వు అనుమానించిన హార్మోను కనిపించలేదు. దాంతో లోపం ఆవుదే అనుకున్నాను. నెకెసా ఒప్పుకోలేదు. అదే మట్టిలో తానే కాస్త హార్మోను కొలిచి కలిపి, మళ్లీ చూసింది. కలిపింది కూడా కనిపించలేదు.

"అన్నా, ఈ మట్టి దేంట్లో తెచ్చావు?"

"మా అక్క పాల సొరబుర్రలో పోసి పంపింది."

"పాలు తోడు పెట్టడానికి లోపల బొగ్గు రాసే బుర్రా? మీ నాందీ తెగవాళ్లు మట్టిని కూడా తోడు పెడతారా ఏంటి! హార్మోనునంతా ఆ బొగ్గుపొడే పట్టేసుకుంది."

కాబట్టి మట్టిలో ఏముందో ఇంకా తెలియదు. ఈసారి ఇనుప గరిటెతో జానెడు లోతు తవ్వి, కడిగి ఆరబెట్టిన గాజు సీసాలో పంపు. ప్లాస్టిక్ వద్దు. పక్కవాళ్లు పెంట చివరిసారి ఎప్పుడు చల్లారు? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? బుర్ర బస్సులో పంపుతున్నాను.

అమ్మకు దండాలు. ఆవు మెడ నిమిరి, తప్పు తనదని ఇంకా తేలలేదని చెప్పు.

నీ తమ్ముడు
కిబివొట్