నీళ్లు ఇంకని నేల

2019 ఆగస్టు, శుక్రవారం రాత్రి

ఈ రోజు వానకి భావనపాడులో నేను వేయించిన నేల మునిగిపోయింది.

తుఫానుకి కూలిన ఇళ్ల స్లాబుల్ని పగలగొట్టించి, ఆ ముక్కల్నే కంకరగా వాడి, ఇసుక కలపకుండా కాంక్రీటు పోయించాను. చేపలమ్మే చోట వాన నీళ్లు ఆ ముక్కల మధ్య మిగిలిన సందుల్లోంచి కిందికి దిగిపోవాలి. వేసిన కొత్తలో బకెట్టుతో పోసి చూపిస్తే చూస్తుండగానే ఇంకిపోయాయి. ఆడవాళ్లంతా నవ్వుతూ చప్పట్లు కొట్టారు. తర్వాత గాలికొచ్చిన ఇసుక, చేపల పొలుసులు సందులన్నీ పూడ్చేశాయి. ప్రెషరు పంపుతో కడగాలని మా ఆఫీసుని ఎన్నిసార్లు అడిగినా పంపు రాలేదు. తప్పు ఆ నేలది కాదు. ఆ మాట ఎవరికి చెప్పను?

ఎర్రమ్మ చీలమండల లోతు నీళ్లలో చేపల గంప పట్టుకుని నిలబడి ఉంది. కూలిన తన ఇంటి స్లాబుని అందరికంటే ముందు ఇచ్చింది ఆవిడే.

"ఏటి బాబూ, నీళ్లు తాగేస్తాదని సెప్పినావు గదా?"

"కడిగిస్తానమ్మా" అన్నాను.

అంతలోనే మా పై అధికారి ఫోను. సోమవారం అంతా తవ్వించేసి మామూలు కాంక్రీటు వేయమన్నారు. ఇలాంటి ప్రయోగాలు ఇక వద్దన్నారు. ఎర్రమ్మకి దాచకుండా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు.

"అయితే మా ఇల్లు మల్లీ ఇరగ్గొట్టేస్తారన్నమాట" అని గంప నెత్తికెత్తుకుంది.

ఆ ముక్కలు ఎక్కడ పారబోయించాలో రేపటికల్లా నేనే చెప్పాలట...