వడ్ల లారీలూ మన క్రికెట్ మ్యాచూ

బావా,

నీ సంవత్సరీకం అయిన తెల్లారి నుంచి మా అక్క కోదాడల నీ గేమ్ డబ్బా ముందట కూసుంటంది. మిర్యాలగూడ నుంచి నేను ఆమెతోని ఆన్‌లైన్ల క్రికెట్ ఆడుతున్న. సరిగ్గ నేను గెలిచే టైముకే నెట్ పోతది. నీతోని ఆడినప్పుడూ గంతే కదా! ఓడేటట్టున్నవని నువ్వే తీగ పీకుతున్నవనుకున్న. పేకాటల ముక్కలు దాచెటోన్ని నేను, ఎదుటోళ్లు గూడ గట్లనే అనుకుంట.

"మొగుని దగ్గర నేర్చినవా ఈ దొంగాట?" అని అక్కనడిగిన.

"నా నెట్ బానే ఉందిరా. ముందు నీ కొంప చూస్కో," అన్నది.

నిన్న మళ్ల నెట్ పోంగనే, టవర్ సిగ్నల్ అందాలని కిటికీల పెట్టిన సిమ్ వైఫై డబ్బా కాడికి పోయిన. బయట మిల్లుకొచ్చిన వడ్ల లారీ కిటికీకి అడ్డంగ ఆగి ఉన్నది. అది కదిలితే సిగ్నల్ వచ్చింది. ఎనక లారీ వచ్చి ఆగితే మళ్ల పోయింది.

పోయినేడు కోతలప్పుడంత నిన్ను దొంగ అన్న బావా. అలిగి మాటలు బంద్ పెట్టిన. దవాఖాన నుంచి నువ్వు చేసిన ఫోన్ గూడ, ఎక్కిరిస్తవని ఎత్తలే.