వినిపించినదంతా రాయబడును

శ్రీవారికి,

పక్క గదిలో ఉన్న మనిషికి ఉత్తరమేమిటని కంగారుపడకండి. మీతో మాటలు మానెయ్యలేదు. మీ వెబ్‌సైట్‌లో మీరే పెట్టారుగా, "తమ వివరాలు తొలగించమని కోరేవారు లిఖితపూర్వకంగా కోరవలెను, నోటిమాట చెల్లదు" అని. ఆ రూలు ప్రకారమే రాస్తున్నాను. మీ భోజనం డబ్బా కింద పెడుతున్నాను. రేపు పనిలో పడకముందే చదవండి.

ఇవాళ క్లినిక్‌లో కౌంటర్ దగ్గర కూర్చుని, రేపు పన్ను పీకించుకోవలసిన వాళ్ళకి గుర్తుచేస్తుంటే ఒకాయన ఫోన్ చేశాడు. "ఫ్యాన్ల గోల ఆఫీసేనాండీ?" అన్నాడు. ఇది పళ్ళ డాక్టరు గారి క్లినిక్ అన్నాను. "సైట్లో ఈ నంబరే ఉందండీ" అన్నాడు. సైటుకి చోటు అద్దెకిచ్చిన కంపెనీవాళ్ళు చట్టం పేజీ, గోప్యత పేజీ, చూడలేని వినలేని వాళ్ళ కోసం అందుబాటు పేజీ, ఈ మూడూ లేకపోతే సైటు మూసేస్తామన్నారని మీరు ముఖం వేలాడేసుకుంటే, పోనీ పాపం అని మా క్లినిక్ కాగితాలు తెచ్చిచ్చింది నేనే. చూసి రాసుకోమన్నాను గానీ మా ఫోన్ నంబరుతో సహా దించెయ్యమన్నానా? పాత ఫ్యాన్ల చప్పుళ్ళు రికార్డు చేసి పెట్టే సైట్లో "మీ దంతాల ఎక్స్‌రేలు భద్రంగా ఉంచుతాం" అని ఏమిటండీ? "చికిత్స తర్వాత రెండు గంటలు ఏమీ నమలరాదు" అట. దేని తర్వాత, టేబుల్ ఫ్యాన్ విన్న తర్వాతా?

ఆ ఫోన్ చేసినాయన అంతటితో ఆగలేదు. "పడగ్గది ఫ్యాన్ వెనకాల ఒకావిడ గురక ఉందండీ, అది మాత్రం ఎప్పుడూ తీసెయ్యకండి, అది పెడితే గానీ మా ఇంట్లో ఎవరికీ నిద్రపట్టదు" అన్నాడు. ఆ ఒకావిడ ఎవరో నాకు తెలియదన్నట్టు ఫోన్ పెట్టేశాను. ఈలోగా మా డాక్టరు గారు కుతూహలం పట్టలేక సైటు తెరిచి, చేతులకున్న గ్లవ్స్ కూడా తియ్యకుండా గురకంతా విని, "దవడ కాస్త ముందుకు సర్దితే తగ్గుతుందమ్మా" అన్నారు. నాకు తల తీసేసినట్టయింది. మా దగ్గర ఒక్క పన్ను ఫొటో గుమ్మం దాటాలంటే పేషెంటు సంతకం కావాలి. నా గురకకి ఎవరి సంతకం తీసుకున్నారు మీరు?

అయినా గురక సంగతి పక్కన పెడతాను. ఇంటికొచ్చి మొదటిసారి మీ సైటు తెరిచాను. రోజంతా ఇంట్లో తిరిగే ఫ్యాన్లే కదా, మళ్ళీ అందులో కూడా ఎందుకని ఇన్నాళ్ళూ చూడలేదు. చూస్తే, ప్రతి చప్పుడు కిందా వినిపించినవన్నీ రాసి పెట్టారు. "టక టక. కీచు. గిన్నె పడింది. ఇంటావిడ: ఇక్కడెవరు పెట్టారిది?" ఇలా నవ్వుకుంటూ చదువుతూ వంటింటి ఫ్యాన్ దగ్గరికి వచ్చాను. అక్కడ నల్లటి అక్షరాల్లో, "ఇంటావిడ: మీ అక్కకి చెవుడూ లేదు, పాడూ లేదు. తనకి కావలసిన మాటైతే పై వాటాలోంచి కూడా వినిపిస్తుంది." అంతే, ఇక కింద చూడబుద్ధి కాలేదు. కంప్యూటర్ మూసేశాను.

పై వాటాలో వదిన రోజూ కుట్టు మిషన్ మీద పని ఆపగానే మీ సైటు చదువుతుందని మీరే మురిసిపోతూ చెప్పారు. మొదటి ఫ్యాన్ నుంచి మొదలుపెట్టి ఉంటే ఈపాటికి హాల్లోకి వచ్చి ఉంటుంది. తర్వాత వంటిల్లే. ఆవిడ మాట పడే మనిషి కాదు. ఎవరో ఏదో అన్నారని ఒకప్పుడు మిల్లులో తన పక్క మిషన్ మీద పనిచేసిన ప్రాణస్నేహితురాలి గుమ్మం ఈనాటికీ తొక్కలేదు. ఇది చదివితే మన గుమ్మం కూడా తొక్కదు. ఆ ముక్క వెంటనే తీసెయ్యండి. ఇదే నా లిఖితపూర్వక కోరిక.

ఇట్లు,
మీ సైట్లో "ఇంటావిడ", ఇంట్లో మీ భార్య

*

ప్రియమైన ఇల్లాలికి,

నీ ఉత్తరం, రిపేరు చెయ్యడానికెక్కిన లిఫ్టు పెట్టె కప్పు మీద కూర్చుని చదివాను. కింద జనం ఇంకా ఎంతసేపని అరుస్తున్నారు. లోపం పెద్దదే, టైం పడుతుందన్నాను. అబద్ధం కాదుగా.

క్లినిక్ నంబరు తీసేశాను. ఎక్స్‌రేలు తీసేశాను. చట్టం పేజీలో "పన్ను విరిగినచో మా బాధ్యత లేదు" అన్నది మాత్రం ఉంచాను, ఎవరైనా తిరిగే ఫ్యాన్లో మూతి పెడితే పనికొస్తుంది. నీ గురక నువ్వు సంతకం పెట్టేదాకా ఆపేశాను. అప్పుడే ఆవిడకి ఒంట్లో బాగోలేదా అని మెయిళ్ళు వస్తున్నాయి.

వంటింటి ఫ్యాన్ దగ్గర చిక్కు వచ్చింది. నీ ఉత్తరం చదవగానే ఆ మాట తీసేసి, "ఇక్కడ మాట సరిగా వినిపించలేదు" అని పెట్టాను. మనసొప్పక మళ్ళీ పాతదే పెట్టేశాను. కోప్పడకు, ఎందుకో చెబుతాను.

గోప్యత పేజీ దించాను గానీ, అందుబాటు పేజీ ఎక్కడినుంచీ దించలేదు. ఒక్క వాక్యమే, నేనే రాశాను, "వినిపించినదంతా రాయబడును" అని. మిల్లు మిషన్ల హోరులో అక్క చెవులు పోయిన కొత్తలో, భోజనాల దగ్గర మనం ఏదో అనుకుని పగలబడి నవ్వేవాళ్ళం, గుర్తుందా? ఏమిట్రా, ఏమిట్రా అని అందరి ముఖాలూ చూసేది. నోట్లో ముద్ద పెట్టుకుని, ఏం లేదులే అక్కా అనేవాణ్ణి. కొన్నాళ్ళకి అడగడం మానేసింది. మనం నవ్వితే తనూ నవ్వేది, ఎందుకో తెలియకుండానే. చెవి మిషన్ కొనిస్తే ఈల వేస్తోందని డ్రాయర్లో పడేసింది. తను అలా ఊరికే నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చేది. నీకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. నీ సైట్లో అందరూ ఏం వింటార్రా అని ఈమధ్య మళ్ళీ అడిగింది. ఇన్నేళ్ళకి అడిగిందే అనిపించి, ఈగ వాలినా రాయాలని ఒట్టు పెట్టుకున్నాను. ఇప్పుడు "సరిగా వినిపించలేదు" అని పెడితే, అది కూడా ఏం లేదులే అక్కా అన్నట్టే కదా?

ఒక పేజీ ప్రకారం తీసెయ్యాలి, ఇంకో పేజీ ప్రకారం తియ్యకూడదు. రెండూ నా పేరు మీదే ఉన్నాయి. దారి దొరుకుతుందేమోనని చట్టం పేజీ చూస్తే, గోరువెచ్చని ఉప్పునీళ్ళతో పుక్కిలించమని ఉంది.

అయినా నోరు నీది, మాట నీది, తీసెయ్యమని అడిగావు. ముక్క తియ్యను గానీ, ఆదివారం పొద్దున్న వంటింటి ఫ్యాన్ చప్పుడుతో సహా మొత్తం తీసేస్తాను. అక్క ఇదేదిరా అని అడిగితే మాత్రం ఏం లేదులే అనలేను. ఏం చెప్పాలో నువ్వే కాగితం మీద రాసివ్వు.

ఇట్లు,
కప్పు మీద నీ మొగుడు

*

వదినా,

"కూరగాయలు వచ్చాయి", "కరెంటు ఇప్పుడే పోయింది" అని చీటీముక్కలు పంపే నేను ఇంత పొడుగు కాగితం పంపానంటే ఏదో కొంప మునిగిందని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. మునిగింది నా కొంపే.

మీ తమ్ముడు వంటింటి ఫ్యాన్ సైట్లోంచి తీసేస్తారట. మీరు అడిగితే ఏం చెప్పాలో నన్ను రాసివ్వమన్నారు. ఫ్యాన్ కాలిపోయిందని రాశాను. మీరు దిగొచ్చి చూస్తే గిర్రున తిరుగుతూ ఉంటుందని కొట్టేశాను. కంప్యూటర్ పాడైందని రాశాను. పైన మీకు ఇంకోటి ఉందిగా, అదీ కొట్టేశాను. మూడోది ఇంకా ఘోరంగా వచ్చింది. ఇక లాభం లేదని ఉన్నది చెప్పేస్తున్నాను. ఆ ఫ్యాన్ చప్పుడు కింద మీ గురించి నేనన్న మాట రాసి ఉంది. మీకు చెవుడు లేదని, కావలసిన మాటైతే వినిపిస్తుందని.

ఆరోజు నాకు ఒళ్ళు మండిపోయి ఉంది. మోటారు కట్టెయ్యండి వదినా అని మెట్ల దగ్గర గొంతు చించుకున్నాను, మీకు వినిపించలేదు, ట్యాంకు పొంగి ఆరేసిన బట్టలన్నీ తడిసి ముద్దయ్యాయి. సరేలే అనుకున్నాను. కానీ నా కొత్త బట్టలు బజారులో వేరే టైలరు దగ్గర కుట్టించానని మీ తమ్ముడి చెవిలో గుసగుసగా చెబితే, మర్నాటికి మీకెలా తెలిసిపోయింది? ఆ ఉక్రోషంలో నోరు జారాను. అప్పుడు ఫ్యాన్ పక్కన మీ తమ్ముడు మైకు పెట్టి కూర్చున్నారని నేను కలగన్నానా?

నాకు భయంగా ఉంది. అది చదివి మీరు మెట్లు దిగడం మానేస్తారేమోనని. మీరు రాకపోతే నేనూ మీ తమ్ముడూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఫ్యాన్ చప్పుడు వినాలి. తిడితే తిట్టండి, పడతాను. రావడం మాత్రం మానకండి. ఆ ముక్క తియ్యమంటారో ఉంచమంటారో మీ ఇష్టం.

ఇట్లు,
కింద వాటాలో మీ మరదలు

*

మరదలికి,

నీ కాగితం మెట్ల మీద దొరికింది. తలుపు కొట్టి చేతికివ్వవలసింది. కొట్టినా నాకు వినిపించదనుకో.

నీ బట్టల సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నువ్వు చెయ్యెత్తి పైఅరలోంచి డబ్బా తీస్తుంటే చంక కింద ఆ కుట్టు కనబడింది. అది నా కుట్టు కాదని కళ్ళతోనే తెలుసుకున్నాను. ఎవరు కుట్టారో గానీ, పట్టుకురా, విప్పి కుడతాను. ఇంకో రెండుసార్లు చెయ్యెత్తావంటే అదే విడిపోతుంది.

ఇక మీ ఆయన సైటు. నేను ఏది చదివినా చివరినుంచి చదివే మనిషిని, ఏమైందో ముందు తెలిస్తే గానీ నాకు మనశ్శాంతి ఉండదు. వంటింటి ఫ్యాన్ ఆఖర్న ఉంది కాబట్టి మొదటిరోజే చదివేశాను. కోపం రాలేదంటే అబద్ధం. బాగా వచ్చింది. సూట్‌కేసు మంచం మీద పెట్టి సగం బట్టలు సర్దాను కూడా. దుప్పటి పట్టక ఆగి, కోపం తీరా ఇంకోసారి తిట్టుకుందామని కంప్యూటర్ దగ్గరికి వచ్చి, ఈసారి కిందిదాకా చదివాను. నువ్వు నీ మాట దగ్గరే ఆగిపోయినట్టున్నావు. మీ ఆయన కిందిది రాసి కూడా నీకు చెప్పినట్టు లేడు, ఎందుకో ఇప్పుడు నీకే తెలుస్తుంది.

కింద ఇలా ఉంది. "ఫ్యాన్ నెమ్మదించింది. మూత తీసిన చప్పుడు. ఇంటావిడ: ఆవిడకి పొద్దున్నించీ దగ్గు ఆగట్లేదండీ. వేడినీళ్ళు కాచుకుందో లేదో, కాస్త పైకెళ్ళి చూసి రండి. నేను పంపానని చెప్పకండి."

వాడు ఆరోజు పైకి వచ్చాడు. చెంబుతో వేడినీళ్ళు తెచ్చాడు. ఎందుకో నువ్వు గుర్తొచ్చావక్కా, ఉండబట్టలేక వచ్చాను అన్నాడు. నేను నమ్మాను. మా తమ్ముడికి నేనంటే ఎంత ప్రాణమో అని బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాను. నీ మాట చదివాక సూట్‌కేసు మళ్ళీ అటక మీద పెట్టేశాను. దానికి వాడే సాయం పట్టాడు, ఎందుకు దించావని అడిగాడు. ఏం లేదులే అన్నాను.

కాబట్టి ఏమీ తియ్యకండి. కానీ గోప్యత పేజీలో ఇంకో రూలు కూడా ఉంది, చదివాను. తమ గురించి రాసినదాంట్లో తప్పుంటే దిద్దమని కోరవచ్చట, లిఖితపూర్వకంగా. నేనూ కోరుతున్నాను. నాకు కావలసిన మాటైతే పై వాటాలోంచి కూడా వినిపిస్తుందని అందులో ఉంది. అది తప్పు. నాకు కావలసిన మాట దాని కిందే ఉంది, అది నాకు వినిపించలేదు. దిద్దించవలెను.

ఇట్లు,
పై వాటాలో నీ వదిన