ఉప్పునీటి వంతెన

టెక్కలి,
ఆదివారం మధ్యాహ్నం.

తమ్ముడు బెన్హర్‌కు,

ప్రభువు పేరిట అక్క దీవెనలు. ఇక్కడ నేనూ, మరదలు షాలినీ ఒంటికి బాగానే ఉన్నాం. నువ్వూ అలాగే ఉండాలని రోజూ అడుగుతున్నాను. మనసుల సంగతి వేరే రాయాలి, రాస్తాను.

నీ ఉత్తరం బుధవారం అందింది. నీ చేతికి రాకముందే జైల్లో ఎవరో ఈ ఉత్తరం విప్పి చదువుతారని తెలుసు. చదువుకోనీ. దాచవలసిన దానికంటే ఎక్కువే దాచాను.

నా మోకాళ్ల నొప్పి గురించి అడిగావు. డాక్టరు మాత్రలు మార్చాడు. మెట్లు దిగడమే కష్టంగా ఉంది. షాలిని చర్చికి వస్తోందా అని అడిగావు. వస్తోంది. ఆరాధన మొదలయ్యాక వచ్చి వెనక బెంచీలో కూర్చుని, చివరి పాట పూర్తికాక ముందే వెళ్లిపోతోంది. ముందు వరుసలో మీ ఇద్దరి చోటు ఖాళీగానే ఉంటోంది. అందులో ఎవరూ కూర్చోరు. అది మర్యాదో వెలివేతో నాకు తెలియడం లేదు.

జట్టు గురించి రాయమన్నావు. జట్టు లేదురా. కుర్రాళ్లలో నలుగురు చెన్నై వెళ్లి కూలిపనుల్లో చేరారు. ఇద్దరు మళ్లీ చేపల వేటకు వెళ్తున్నారు. మిగిలినవాళ్ల సంగతి నాకు తెలియదు. గ్రౌండులో మోకాలెత్తు గడ్డి పెరిగింది. గోలుపోస్టులకు కట్టిన వలలు ఎవరో కోసుకుపోయారు. మన గోల్‌కీపరు గంగులు వేరే క్లబ్బులో చేరాడా అని అడిగావు. ఆ అబ్బాయి గురించి కింద రాస్తాను. నీ సైటు ఇంజనీరు లక్ష్ముడి గురించి నువ్వు రాసినదానికి జవాబు కూడా అక్కడే.

పోయిన వారం ఒక పత్రికా విలేకరి వచ్చాడు. నీ జీవితం మీద పెద్ద వ్యాసం రాస్తాడట. సాఫ్ట్‌వేరు, ఫుట్‌బాల్, వంతెనలు, ఇన్ని రంగాల్లో ఒకే మనిషి ఎలా ఎదిగాడు, ఎలా పడిపోయాడు అని. మంచినీళ్లు ఇచ్చి పంపేశాను. అతనికి చెప్పని కథ నీకే రాయాలనిపించింది. నీకు తెలిసిన కథే. అయినా నా వైపు నుంచి నువ్వు ఎప్పుడూ వినలేదు.

ఇంజనీరింగు అయ్యాక హైదరాబాదు ఉద్యోగం వదిలేసి వచ్చేశావు. సాలూరులో మూడు నెలలు లారీ డ్రైవర్ల మధ్య కూర్చున్నావు. రాయపూరుకు సరుకుతో వెళ్లిన లారీ తిరిగి ఖాళీగా వస్తోందని, బ్రోకరు ఆఫీసు ముందు డ్రైవర్లు రెండేసి రోజులు పడిగాపులు కాస్తున్నారని చూశావు. ఏ ఊళ్లో ఏ సరుకు సిద్ధంగా ఉందో ఫోనులోనే తెలిసేలా సాఫ్ట్‌వేరు రాశావు. అప్పుడు నీ మెడ మీద గ్రీజు మరకలుండేవి. నా జీవితంలో నిన్ను చూసి నిజంగా గర్వపడ్డ రోజులు అవే. డ్రైవర్లు నిన్ను 'బావా' అనేవాళ్లు. తర్వాత బెంగళూరు వాళ్లు నీ కంపెనీ కొనుక్కున్నారు. ఆ తర్వాత నిన్ను అందరూ 'సార్' అన్నారు.

ఆ డబ్బుతో నువ్వు ఫుట్‌బాల్ జట్టు పెడితే నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇసుకలో పరిగెత్తిన కాళ్లకు గడ్డి మీద అలుపు ఉండదని, మత్స్యకారుల పల్లెలన్నీ తిరిగి కుర్రాళ్లను ఏరుకొచ్చావు. భావనపాడు అవతల సముద్రంలో కలిసే గెడ్డ దాటి ఉన్న చిన్న పల్లె నుంచి గంగుల్ని తెచ్చావు. వలలు లాగిన చేతులు కదా, అతను పట్టిన బంతి జారేది కాదు. రెండో ఏడాదికే జిల్లా కప్పు గెలిచారు. ఆ రోజు మైకు ముందు గంగులు అన్న మాట నాకు గుర్తుంది. "మాకు కప్పొచ్చింది సార్. మా అమ్మోళ్లు ఇంకా పడవెక్కే గెడ్డ దాటతన్నారు. వానొస్తే అదీ నేదు. మాకో వంతెన కావాల."

నువ్వు మైకు లాక్కుని "కట్టిస్తాను" అన్నావు. జనం లేచి నిలబడ్డారు. నువ్వు ఆ క్షణంలో అబద్ధం ఆడలేదు. అది నాకు తెలుసు. నిన్ను దొంగ అనేవాళ్లతో ఇప్పటికీ నేను పోట్లాడేది ఆ ఒక్క మాట కోసమే.

కానీ ఆ చప్పట్లు నిన్ను తినేశాయి. మ్యాచీలు చూడ్డానికి స్టాండ్లలోకి అధికారులు వచ్చారు. బస్సు షెల్టర్ల కాంట్రాక్టు వచ్చింది, తర్వాత బడి ప్రహరీలు, తర్వాత ఆ వంతెన. వంతెన ప్రారంభానికి మంత్రిగారు ఒక్క తేదీ ఇచ్చారు. అదే రోజు సాయంత్రం జట్టుకు ఫైనల్ మ్యాచి. పొద్దున రిబ్బను, సాయంత్రం కప్పు. ఒక్కరోజులో రెండు ఫోటోలు.

ఆ రోజు నేను కంచిపట్టు చీర కట్టుకుని వేదిక మీద కూర్చున్నాను. పాస్టరుగారు నన్ను 'బెన్హర్ అక్కగారు' అని పిలిచి దండ వేశారు. నలభై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెబితే రాని దండ అది. ఆ దండ నాకు ఇష్టమైంది. ఇది కూడా లెక్కలోకి తీసుకో.

తర్వాత రెండు నెలలకు, మార్చిలో, ఒక ఆదివారం చర్చి నుంచి మా ఇంటికి భోజనానికి వచ్చావు. చేతిలో పొడుగాటి నల్ల అట్ట రిజిస్టరు.

"అక్కా, ఇది నీళ్ల పొయ్యిలో పడేసీ" అన్నావు.

"ఏటిరా ఇది?"

"ఏటీ నేదు. సైటు పుస్తకం. తనిఖీకి ఎవులో వస్తారంట. పాత సెత్త."

నువ్వు చేపలపులుసు తిని వెళ్లిపోయావు. వారం తర్వాత ఫోనులో "కాల్సీసావా?" అని అడిగావు. "కాల్సీసాను" అన్నాను.

కాల్చలేదురా.

పొయ్యి దగ్గరికి తీసుకెళ్లాను. బడిపంతులమ్మను, రాసిన పుస్తకాన్ని తెరవకుండా నిప్పులో వేయలేకపోయాను. తెరిస్తే లక్ష్ముడి రాత కనపడింది. ఆ రాత నాకు కొత్త, సంతకం చూసి పోల్చుకున్నాను. దాని కింద ఉన్న నీ రాత కొత్త కాదు, పలక మీద నేను దిద్దించిందే. అతను రాశాడు: 'రోడ్డు తెగి మంచినీళ్ల ట్యాంకరు నాలుగు రోజులుగా రావడం లేదు. గెడ్డలో నీరు ఉప్పునీరు. దానితో కాంక్రీటు కలిపితే లోపల ఇనుము తుప్పు పడుతుంది. ట్యాంకరు వచ్చేవరకు పని ఆపాలి.' కింద నువ్వు రాశావు: 'పని ఆపవద్దు. తేదీ మారదు. ఉన్న నీటితో కానివ్వండి.' సంతకం. మూడు పేజీల తర్వాత అతనే మళ్లీ, శ్లాబు కింద ఆనించిన సెంట్రింగ్ పలకలు కాంక్రీటు గట్టిపడేదాకా ఇంకా వారం ఉంచాలని. నువ్వు మళ్లీ, 'ఈ రోజే తీయించండి.' మళ్లీ సంతకం.

పుస్తకం మూసి, బియ్యం డబ్బా వెనక పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. నిన్ను అడగలేదు. నీళ్లు కాగాయి, స్నానం చేశాను, సాయంత్రం ప్రార్థనకు వెళ్లాను. ఏడాదిన్నరకు పైగా నేను చేసింది అంతే.

ఇప్పుడు నీ ఉత్తరం దగ్గరికి వస్తాను. 'నీకు తెలిసిన ఆ పాత పుస్తకం ఎప్పుడో పోయింది కదా, మరి పోలీసుల చేతిలో ఉన్నది ఎక్కడిది? లక్ష్ముడు దొంగరాతతో ఇంకోటి తయారుచేసి ఉంటాడు. ఆ రాత నాది కాదని మన వకీలు నిరూపిస్తాడు. ఉప్పునీళ్లు కలిపించింది లక్ష్ముడేనని తేలిపోతుంది' అని రాశావు. లక్ష్ముడి గురించి ఊళ్లో ఏమి అనుకుంటున్నారో కనుక్కుని రాయమన్నావు.

కనుక్కోనక్కరలేదు. అతని భార్య దేవి మొన్న మా ఇంటికి వచ్చింది. గుమ్మం లోపలికి రాలేదు. "అమ్మా, మీ తమ్ముడి మనుసులు మా ఆయన్నే హంతకుడంతన్నారు. పనిలోకి ఎవులూ పిలవట్నేదు. ఆయన అన్నం ముందు కూసుంటే ముద్ద దిగట్నేదు. నువ్వు సదువుకున్నదానివి. నిజమేటో నువ్వైనా సెప్పు" అంది. నేను నిజం తెలిసి కూడా ఆమె ముందు తలుపు పట్టుకుని నిలబడ్డాను. కేసు నడుస్తుండగా మాట్లాడకూడదని దర్యాప్తు అధికారి చెప్పాడని నాకు నేనే చెప్పుకున్నాను. ఆమె వెళ్లిపోయింది.

అందుకే ఈ ఉత్తరం. ఆ రిజిస్టరు లక్ష్ముడు ఇవ్వలేదు. దొంగరాతా కాదు. డిసెంబరులో నేనే బస్సెక్కి శ్రీకాకుళం వెళ్లి దర్యాప్తు అధికారి బల్లమీద పెట్టాను. ఇది ఎవరిచ్చారు అని అడిగితే నీ పేరు చెప్పాను. ఎందుకు ఇచ్చాడు అంటే కాల్చమని ఇచ్చాడు అన్నాను. ఇన్నాళ్లు దాచినందుకు మీ మీద కూడా కేసు రావచ్చమ్మా అన్నాడు. రాసుకోండి అన్నాను. సంతకం పెట్టి, అదే బస్సులో ఇంటికి వచ్చాను.

నువ్వు ఇక్కడ ఈ ఉత్తరం చింపేస్తావేమో. చింపకముందు ఇంకొక్కటి చదువు. ఇంతకంటే పెద్దది ఇదే. ఇది అధికారికి కూడా మొదట చెప్పలేదు.

గంగులు వాళ్ల అమ్మ మరిడమ్మ మా వీధికి చేపలు తెచ్చేది. వంతెన వచ్చాక ఎనిమిదింటికే గుమ్మంలో ఉండేది. "నీ తమ్ముడి పున్నెం పంతులమ్మా, పడవ కోసం సూడక్కర్నేదు" అనేది. పోయిన ఆగస్టులో ఒక రోజు గంప దించి, పండుగప్ప తూచి, లేచేముందు అంది.

"పంతులమ్మా, వంతెన కింద మద్దిస్తంభం కాడ ఎర్రటి నీరు కారతన్నాది. పెచ్చులూడి ఇనుము కనిపిస్తన్నాది. నాను సదువుకున్నదాన్ని కాదు. అది మంచిదో సెడ్డదో నాకు తెల్దు. నీ తమ్ముడికి ఓపాలి సెప్పవా?"

"సెప్తాను" అన్నాను.

చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నీకు తెలియాలి. ఆమె చూసిందని మాత్రమే చెబితే కొట్టిపారేస్తావు. అది ఉప్పునీటి తుప్పని నేనంటే, నీకెలా తెలుసు అని అడుగుతావు. నేను పుస్తకం చదివానని, కాల్చలేదని తెలిసిపోతుంది. నీ ముందు అబద్ధమాడిన అక్కలా నిలబడాలి. ఆ చిన్న సిగ్గు కోసం ఫోను ఎత్తలేదు. ఇవాళ చేస్తాను, రేపు చేస్తాను అనుకుంటూ సెప్టెంబరు గడిపేశాను. వారానికి మూడుసార్లు మరిడమ్మ వస్తూనే ఉంది. "సెప్పావా?" అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ తల ఊపాను. ఆమె నమ్మింది. నమ్మి మళ్లీ దాని మీదే నడిచింది.

అక్టోబరులో ఆ ఉదయం పడవలకు చేపలు బాగా పడ్డాయి. ఆడవాళ్లందరూ గంపలతో ఒకేసారి బయలుదేరారు. మధ్య శ్లాబు కూలింది. ముగ్గురు పోయారు. వాళ్లలో మరిడమ్మ ఒకతె. అది నీకు తెలిసిందే. ఆ రోజు నువ్వు టీవీలో "ప్రకృతి వైపరీత్యం" అన్నావు. ఆ ఉదయం ఆకాశంలో మబ్బు కూడా లేదురా.

గంగులు సంగతి అడిగావు కదా. పోయిన నెల వాళ్ల ఊరికి వెళ్లాను. ఇప్పుడు మళ్లీ పడవలోనే దాటాలి. గంగులు తీరాన వల బాగుచేసుకుంటున్నాడు. పక్కన ఇసుకలో కూర్చుని ఈ ఉత్తరంలో ఉన్నదంతా చెప్పాను. చేతిలో పని ఆపకుండా విన్నాడు. చివర్లో ఒక్కటే అడిగాడు.

"మాయమ్మ నీకు సెప్పినప్పుడు, నీ ఇంట్లో ఆ పుస్తకం ఉన్నాదా?"

"ఉన్నాది."

"పుస్తకంలో ఏటుందో నీకు తెలుసా?"

"తెలుసు."

లేచాడు. నన్ను కొడతాడేమో అనుకున్నాను, కొట్టినా బాగుండేది. "పడవ పోతాది, ఎక్కు పంతులమ్మా" అని చేయి పట్టి ఎక్కించాడు. ఆ తర్వాత నా వైపు చూడలేదు. అతను ఏ క్లబ్బులోనూ చేరలేదు. బంతి ముట్టుకోవడం లేదని పడవ నడిపే కూర్మయ్య చెప్పాడు.

మరునాడే అధికారికి ఫోను చేసి మరిడమ్మ మాట కూడా రాయించాను. షాలినికి నిన్ననే అంతా చెప్పాను. లేచి పొయ్యి ఆర్పింది. తర్వాత "వదినా, ఆయన్ని నువ్వే పెంచావు" అంది. నిందించిందో జాలిపడిందో తెలియదు. రెండూ అయి ఉంటాయి.

వచ్చే నెల పద్నాలుగున నా సాక్ష్యం ఉంది. నువ్వు లక్ష్ముడి మీదికి నెట్టినా, నెట్టకపోయినా నేను చెప్పేది మారదు. నీ అంతట నువ్వే ముందుగా ఒప్పుకుంటే అతని ఇంట్లో ఆ ముద్ద ఓ నెల ముందు దిగుతుంది. నీ శిక్ష తగ్గుతుందని నేను చెప్పను. నాకు తెలియదు. తెలిసినా ఆ ఆశ చూపి నిన్ను ఒప్పించడం నాకు ఇష్టం లేదు.

ఎప్పటిలాగే శనివారం ములాఖత్‌కు వస్తాను. చూడనంటే గేటు దగ్గర చెప్పించు, బట్టలు ఇచ్చేసి వెనక్కి వస్తాను. పై శనివారం మళ్లీ వస్తాను.

కోర్టులో ఎలా ఉంటుందో ప్రభుత్వ వకీలు చెప్పాడు. రిజిస్టరు గురించి, తేదీల గురించి, మరిడమ్మ గురించి ఎన్ని అడిగినా తడబడను. వాటికంటే ముందు ఒకటి అడుగుతారట: "ముద్దాయి మీకు ఏమవుతాడు?" రోజూ ఉదయం వంటింట్లో తలుపు వేసుకుని దానికి జవాబు బయటికి చెప్పి చూసుకుంటున్నాను. ఇంతవరకు ఒక్కసారీ ఆ ఒక్క మాట పూర్తి చేయలేకపోయాను.

ఇట్లు,
నీ అక్క,
కాంతం.