ప్రయాణికులకు గమనిక

మార్చి 4

గొంతులో గడ్డ తీసేయాల్సిందేనట. థైరాయిడ్ కుడి సగం. సర్జన్ చిన్న మనిషి, చిన్న చేతులు. గడ్డతో భయం లేదంది. కానీ దాని వెనకాలే మాటను పలికించే నరం ఉంటుందట, దారప్పోగంత. దానికి దెబ్బ తగిలితే గొంతు బొంగురుపోవచ్చు, అలాగే ఉండిపోనూ వచ్చు. అలా జరగడం అరుదే అయినా ముందే చెప్పాలి కదా అంది.

నేను బస్టాండులో అనౌన్సర్ని. ఈ ఊళ్లో నా మొహం ఎవరికీ తెలీదు, గొంతు తెలియనివాళ్లు లేరు. గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది అని రాయబోయి ఆగాను. అక్కడ ఆల్రెడీ ఒకటి ఉంది.

కొన్నాళ్లు ఇల్లు ప్రశాంతంగా ఉంటుందిలే అన్నాడు మా ఆయన. నేను నవ్వలేదు. చూస్తే తనూ నవ్వడం లేదు.

మార్చి 9

ముక్కులోంచి సన్నటి కెమెరా పంపారు. తుమ్ములు, కన్నీళ్లు. తిట్లు నోటిదాకా వచ్చాయి. 'ఈ' అనమన్నారు. అన్నాను. స్క్రీన్ మీద రెండు తెల్లటి పొరలు దగ్గరికొచ్చి గజగజా వణికాయి.

ఇంతేనా? ఇన్నేళ్లుగా ఊరందరినీ బస్సులెక్కించింది ఇదా? వేలిగోరంత లేదు! టెక్నీషియన్ అయిపోయిందన్నాడు. ఇంకోసారి 'ఈ' అంటానని నేనే బతిమాలాను.

మార్చి 15, సాయంత్రం

అడ్మిట్ అయ్యాను. వచ్చినవాళ్లంతా అవే ప్రశ్నలు. పేరేంటి, పుట్టిన తేదీ ఏంటి, ఏ ఆపరేషన్, ఏ వైపు. చేతికి కట్టిన పట్టీ మీద రాసే ఉంది. ఇంతమందికీ మతిమరుపేనా? ఇలాంటివాళ్ల చేతికా నా పీక ఇస్తున్నాను? ఆ మాట పైకే అనేశాను.

సర్జన్ వచ్చి మళ్లీ అవే అడిగింది. మెడకు కుడి పక్కన పెన్నుతో బాణం గీసింది. చక్కిలిగింత పుట్టింది.

మార్చి 16, ఉదయం 6

రాత్రి నుంచి మంచినీళ్లు కూడా తాగొద్దన్నారు, నోరు ఎండిపోయింది. ఉంగరం సబ్బు రాస్తే గానీ రాలేదు. బాత్రూంలో తలుపేసుకుని నాలుగో ప్లాట్‌ఫాం అనౌన్స్‌మెంట్ మొత్తం చెప్పుకున్నాను. ఇదే ఆఖరిసారైతే అని.

మార్చి 17

రాయగలుగుతున్నాను. మాట్లాడలేను.

నిన్న ఆపరేషన్ థియేటర్లో చలి. దుప్పటిలోకి వేడిగాలి ఊదారు, ప్రాణం లేచొచ్చింది. అంతలో నర్సు మళ్లీ పేరేంటంది. కస్సుమనబోయాను. కానీ అప్పటికే అందరూ చేతిలో పని ఆపేశారు. ఒక్కొక్కరే తన పేరు, తన పని పైకి చెప్పారు, అంత చదువుకున్నవాళ్లు బళ్లో హాజరు పలికినట్టు. తర్వాత నా వైపు తిరిగారు. నేను కుడి అనగానే ఒకరు బాణం చూశారు, ఒకరు స్కాన్ చూశారు, ఒకరు కాగితం.

అప్పుడు వెలిగింది. వీళ్లేమీ మర్చిపోలేదు. నేను మాత్రం చేసేదేంటి? ప్రతి బస్సూ మూడుసార్లు చెప్తాను. కాలేజీ పిల్లలు వెక్కిరిస్తారు. అయినా చెప్తాను, ఒక్కరు కూడా పొరపాటున ఇంకో బస్సెక్కకూడదని. ఇక్కడ ఆ ఒక్కరూ నేనే. నా ఒక్కదాని కోసం గదంతా ఆగి నిలబడింది. పేరు, తేదీ, ఆపరేషన్, వైపు అన్నీ ఇంకోసారి మైకులో చెప్పినట్టు చెప్పాను.

మత్తు డాక్టర్ చటుక్కున తలెత్తాడు. మీరు ఆ బస్టాండులో, అంటూ ఏదో మొదలుపెట్టాడు. అది పూర్తి కాకముందే నేను మత్తులోకి వెళ్లిపోయాను.

మెలకువ రాగానే పేరడిగారట. ప్రయాణికులకు గమనిక అన్నానట. నర్సులు ఇంకా నవ్వుతున్నారు. నాకు మాత్రం ఆ బొంగురు ఒక్కటే గుర్తుంది. ఎవరి గొంతో అనుకున్నాను.

సర్జన్ వచ్చి చెప్పింది. ఆ నరాన్ని తాకిన ప్రతిసారీ, అది పనిచేస్తోందని మిషన్ టక్కుమని మోగేదట. చివరి కుట్టు దాకా మోగిందట. నాకు ఒంటి మీద తెలివే లేదు. నా నరం మాత్రం పిలిచిన ప్రతిసారీ పలికింది! నాలో ఇలాంటిది ఒకటి ఉందని ఇన్నేళ్లూ నాకే తెలీదు.

మార్చి 20

ఇంటికొచ్చాం. గొంతు రాలేదు.

ఏప్రిల్ 2

మళ్లీ కెమెరా. రెండు పొరలూ కదులుతున్నాయట. మత్తులో గొంతులోకి దించిన ట్యూబు వల్ల వచ్చిన వాపు తగ్గాలి, ఓపిక పట్టమంది సర్జన్. ఓపిక నా ఇంటావంటా లేదు.

ఇల్లు బస్సుల్లేని బస్టాండులా ఉందన్నాడు మా ఆయన. టీ పెడుతూ నా అనౌన్స్‌మెంట్ తనే అందుకున్నాడు. మూడుసార్లూ చెప్పాడు. మూడుసార్లూ ప్లాట్‌ఫాం తప్పే. దిద్దడానికి గొంతు లేక ఏడ్చాను.

ఏప్రిల్ 21

గొంతు వచ్చింది. మళ్లీ డ్యూటీకెళ్లి మైకు ఆన్ చేశాను. నాలుగో ప్లాట్‌ఫాం. మూడుసార్లు చెప్పాను.

ఒక్కరూ తలెత్తి చూడలేదు. సంచులు ఎత్తుకుని అందరూ నాలుగో ప్లాట్‌ఫాం వైపు నడిచారు.